గంజి దగ్గర ఆగిపోయిన పిడికిలి కథ

ఎత్తిన పిడికిలి ఒకటి. లాఠీ పట్టుకున్న పిడికిలి ఇంకొకటి. రెండూ ఎదురెదురుగా, మధ్యలో జానెడు దూరం. ఆ తరువాత ఏమైంది? పదమూడేళ్లుగా అడుగుతూనే ఉన్నాను, నాకు ఇప్పటికీ తెలియదు. అదే పుస్తకమైతే చివరి పేజీలు చిరిగిపోయాయని సరిపెట్టుకుని, ఇంకో ప్రతి కోసం కోఠీ పేవ్‌మెంట్ల మీద వెతికేవాణ్ణి. ఈ కథకు ఉన్నది ఒకే ప్రతి. అది లింగస్వామి దగ్గర ఉంది. అతను చెప్పడు.

లింగస్వామి దిల్‌సుఖ్‌నగర్‌లో దర్జీ. చిట్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. పుట్టు చెవుడు. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి రెండో గల్లీలో, ఒక మనిషి కూర్చుంటే ఇంకొక మనిషి నిలబడటానికి మాత్రమే చోటుండే షాపు అతనిది. నేను అప్పుడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఒకరోజు చొక్కా కుట్టమని ఇచ్చి, అది అయ్యేదాకా గుమ్మం దగ్గర స్టూలు మీద పుస్తకం చదువుకుంటూ కూర్చున్నాను. మూడు గంటలు నోరు విప్పలేదు. నేనూ తనలాగే చెవిటివాణ్ణనుకున్నాడు కాబోలు, ఆదివారం సాయంత్రం కొత్తపేట రోడ్డు మీది యాదగిరి హోటల్‌కి రమ్మని కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. వెళ్లాను. అక్కడ పాతిక మంది చెవిటివాళ్లు. అందరూ ఒకేసారి మాట్లాడుకుంటున్నారు, ఒక్క చప్పుడు లేదు. నాకు హాయిగా అనిపించి మళ్లీ వారం కూడా వెళ్లాను. మూడో ఆదివారం వంటగదిలో గాజు గ్లాసు పగిలింది. పాతిక మందిలో ఉలిక్కిపడింది నేనొక్కణ్ణే. అలా దొరికిపోయాను.

వెళ్లగొట్టేవాళ్లే. అప్పటికే నాకు సైగల్లో పేరు పెట్టేశారు కనుక ఊరుకున్నారు; వాళ్ల భాష అక్కడే నేర్చుకున్నాను. కొత్తవాడికి పేరు పెట్టే హక్కు వాళ్లది. ఎవరికి వారు పెట్టుకోకూడదు. మనిషిలో కంటికి ఏది ముందు ఆనితే అదే పేరు. లింగస్వామి పేరు, మెడలో టేపును రెండు చేతులా కిందికి లాగడం. భానుమూర్తి పేరు, జేబు మీద రెండుసార్లు తట్టుకోవడం; కలం ఉందో పోయిందో అని అతనికి ఎప్పుడూ అనుమానం. నా పేరు, నాలుక మీద వేలు తడిచేసుకుని పేజీ తిప్పడం. ఆ అలవాటు మానేసి ముప్పయ్యేళ్లయింది. పేరు మాత్రం పోలేదు.

ఈ భానుమూర్తి గురించి చెప్పాలి. తెనాలి వైపు నుంచి వచ్చిన గుమాస్తాగారి అబ్బాయి. తనూ గుమాస్తానే, సైదాబాద్‌లో ఉంటాడు. తెల్ల ప్యాంటు వేసుకుని, దానికి గంజి పెట్టించి మరీ ఇస్త్రీ చేయించుకునే మనిషి. అతనూ లింగస్వామీ చిన్నప్పుడు ఒకే చెవిటిపిల్లల బడిలో, ఒకే హాస్టల్లో పెరిగారు. నేను చెప్పబోయే రోజుల్లో, తెలంగాణ ఉద్యమం వేడిలో, రాష్ట్రమంతా యాస గురించి కొట్లాడుకుంటోంది. ఎవరిది తెలుగు, ఎవరిది ఉర్దూ కలిసిన తౌరక్యాంధ్రం అని బస్సుల్లో కూడా పంచాయితీలే. వీళ్లిద్దరి చేతులకు మాత్రం ఒకే యాస, హాస్టల్ యాస. ఇక్కడ నేను లింగస్వామి మాటల్ని నల్లగొండ తెలుగులోనూ, భానుమూర్తి మాటల్ని తెనాలి తెలుగులోనూ రాస్తున్నానంటే ఆ తేడా నేను పెట్టిందే. చూస్తే ఇద్దరూ కలిసి నన్ను తిడతారు.

యాదగిరి హోటల్లో ఒక ఇనప కుర్చీ ఉండేది. గోడకు ఆనించి, ట్యూబ్‌లైటు వెలుగు ముఖం మీద పడేట్టు వేసేవారు. కథ చెప్పేవాడు అందులో కూర్చోవాలి. మిగిలినవాళ్లు అతని చుట్టూ సగం చందమామలా కూర్చుంటారు, ఒకరి తల ఒకరికి అడ్డు రాకుండా. పద్దెనిమిదేళ్లుగా ఆ కుర్చీ లింగస్వామిది. అతను బస్సు అని చెప్పడు, బస్సే అవుతాడు. కండక్టరవుతాడు, ఫుట్‌బోర్డు మీద వేలాడే ముసలాయన అవుతాడు, ఆయన సంచిలోంచి మెడ చాచి చూసే కోడిపుంజవుతాడు. ఆ కోడిపుంజు కండక్టర్ని చూసే చూపును నేను ఎన్ని పుస్తకాల్లో వెతికినా దొరకలేదు.

ఆ కుర్చీ అతనికి ఎంత అవసరమో అతని ఇల్లు చూస్తే తెలుస్తుంది. భార్య కిష్టమ్మ వినగలదు, మాట్లాడగలదు, బాగానే మాట్లాడుతుంది. సైగలు మాత్రం ఎనిమిదే వచ్చు: తిన్నవా, నీళ్లు, గ్యాస్ అయిపోయింది, చుట్టాలొచ్చిండ్రు, ఇంకా అటువంటివి నాలుగు. షాపుకు వచ్చేవాళ్లు పొడుగూ పొట్టీ చూపించి వెళ్లిపోతారు. వారమంతా అతని కడుపులో ఊరిన మాటలన్నీ బయటికి రావడానికి ఉన్నది ఆదివారం సాయంత్రం రెండు గంటలే.

"ఆరు దినాలు మూగోడు సార్, ఐతారం నాడు వకీలు," అనేది కిష్టమ్మ నాతో. "పెండ్లి సూపుల్లో గీ వకీల్నే సూపెడితే నేను ఒప్పుకోకపోదును."

ఆ కుర్చీకి ఎసరు పెట్టింది భానుమూర్తే. 2011 వేసవిలో ఒక ఆదివారం, లింగస్వామి కథ అయిపోయి అందరూ చేతులు పైకెత్తి ఆడిస్తుంటే (వాళ్ల చప్పట్లు అవే) భానుమూర్తి మాత్రం టీ తాగుతూ కూర్చున్నాడు.

"పది వేళ్లుంటే ఎవడైనా చెబుతాడండీ," అన్నాడు అందరితో తీరిగ్గా, తరువాత లింగస్వామి వైపు తిరిగి. "పిడికిళ్లతో చెప్పు, చూద్దాం."

అది వాళ్లలో ఉన్న ఆటే. కథ మొదలుపెట్టేటప్పుడు చెయ్యి ఏ ఆకారంలో పెడితే, చివరిదాకా అదే ఆకారంలో ఉండాలి. పిడికిలి కథంటే రెండు చేతులూ మూసే ఉంచాలి. ముఖం, భుజాలు, ఒళ్లు ఎంతైనా వాడుకోవచ్చు. వేలు ఒక్కటి విప్పినా ఓడినట్టే.

"చెప్తా," అన్నాడు లింగస్వామి. "ఓడితే?"

"కుర్చీ నాది."

"గెలిస్తే?"

భానుమూర్తి జేబు తట్టుకుని ఆలోచించాడు. "గెలిస్తే నీ కుర్చీ నీకే ఉంటుంది. ఇంకేం కావాలి?"

బేరం ఇంత అన్యాయంగా ఉందని అక్కడ ఎవరికీ తట్టలేదు. పార్లర్‌లో పనిచేసే సుష్మిత ఒక్కతే, ఇరవై రెండేళ్ల పిల్ల, చురుకైన చేతులు, "గంజి ప్యాంటు సారు హిసాబు గమ్మతుగ ఉంది," అంది. అప్పటికే లింగస్వామి రెండు పిడికిళ్లూ చూపించి సరేననేశాడు.

రోజు కుదిరింది జూన్‌లో. తెలంగాణ కోసం రోడ్ల మీదే వంటా వార్పూ చేయాలని పిలుపొచ్చిన ఆదివారం అది. హోటలు మూత. బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా రోడ్డు రోడ్డంతా ఖాళీ, మధ్యమధ్యలో పొయ్యిలు, గంగాళాలు, వంకాయలు తరిగే ఆడవాళ్లు. మావాళ్లు సైకిళ్ల మీదా కాలినడకనా వచ్చారు. నాదర్‌గుల్ నుంచి కూడా నడిచి వచ్చినవాళ్లున్నారు. అంత వెడల్పు చోటు, అంత వెలుతురు, అడ్డం ఒక్క స్తంభం లేదు. చెవిటివాళ్ల సభ కోసమే ఎవరో ట్రాఫిక్ ఆపించినట్టుంది. ఒక ఎస్సై వచ్చి, పాతిక మంది చేతులు ఊపుకోవడం కాసేపు చూసి, నినాదాల్లేవని తృప్తిగా వెళ్లిపోయాడు.

పొద్దున పదిన్నరకు మొదలైంది. ఎండ ఎల్బీ నగర్ వైపు నుంచి వస్తోంది. వెలుగు చెప్పేవాడి ముఖం మీద పడాలి కనుక లింగస్వామి అటు తిరిగి నిలబడ్డాడు. చూసేవాళ్లు అటు వీపు పెట్టి రోడ్డు మీదే కూర్చున్నారు. భానుమూర్తి అందరి వెనక, కాగితం పరుచుకుని, ప్యాంటు మడత చెడకుండా. తనే జడ్జీ కనుక దూరం నుంచి చూడాలన్నాడు. రోడ్డు అక్కడ కొంచెం వాలు. ఆ వాలుకు ఎగువన, భానుమూర్తి వెనక ముప్పై అడుగుల దూరంలో, అండాలమ్మ అనే పెద్దావిడ ఆధ్వర్యంలో అన్నం ఉడుకుతోంది.

లింగస్వామి పిడికిళ్లు గడ్డం కింద పెట్టుకుని కళ్లు మూశాడు. కడుపులో బిడ్డ. బిడ్డ పుట్టింది, పిడికిలితో కళ్లు నులుముకుంది. అదే పిడికిలి పెరిగి బావి తాడు లాగింది, నాగలి మేడి పట్టింది. బడికి వెళ్లింది. చేతులతో మాట్లాడబోతే పంతులు ఆ పిడికిలి కణుపుల మీదే కర్రతో కొట్టాడు. నా ముందున్న నలుగురూ ఒకేసారి చేతులు చంకల్లో దాచుకున్నారు. అందరూ ఆ దెబ్బలు తిన్నవాళ్లే. పిడికిలి బస్సు కడ్డీ పట్టుకుని పట్నం వచ్చింది. కిరాయి గది కోసం తలుపులు తట్టింది, తెరిచిన ముఖాలన్నీ వరసగా మూసుకున్నాయి. కుట్టుమిషను చక్రం తిప్పింది. తరువాత ఊరేగింపు. చుట్టూ వందల పిడికిళ్లు లేస్తున్నాయి. ఇతనికి నినాదం వినపడదు. పక్కవాణ్ణి చూసి ఎత్తుతాడు, అప్పటికి అందరూ దించేస్తారు. దించుతాడు, అందరూ ఎత్తుతారు. సుష్మిత నవ్వలేక పొట్ట పట్టుకుంది. భానుమూర్తి కూడా నవ్వాడు, తరువాత జడ్జీనని గుర్తొచ్చి ఆపుకున్నాడు. చివరికి జనం చెల్లాచెదురయ్యారు. అది తెలియని ఒక్క పిడికిలి గాలిలో మిగిలింది. దాని ఎదుట లాఠీ పట్టుకున్న ఇంకో పిడికిలి వచ్చి నిలబడింది. లింగస్వామి కుడిచెయ్యి తనది, ఎడమచెయ్యి పోలీసుది. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

అప్పుడు అండాలమ్మ గంజి వార్చింది.

యాభై కిలోల బియ్యం గంజి. వాలు మా వైపే. "ఓ అయ్యలూ, జరుగుండ్రి, గంజి వొస్తుంది," అని అరిచిందట. ఎవరూ కదల్లేదు. "ఒర్లుతుంటే ఇనబడ్తలేదా? చెవుడా ఏంది మీకు?" అందట. ఆ ప్రశ్న అంత సరిగ్గా ఎవరూ ఎవర్నీ అడిగి ఉండరు. అక్కడ చెవులున్నవాణ్ణి నేనొక్కణ్ణి. నేనూ వినలేదు. ఆ రెండు పిడికిళ్ల దగ్గరే ఉన్నాను.

చూసింది లింగస్వామి. అటు ముఖం ఉన్నది అతనికే. కళ్లు పెద్దవయ్యాయి. ఎంత బాగా భయపడుతున్నాడో అని మేము మెచ్చుకున్నాం. కనుబొమలతో మా వెనక్కి చూపించాడు. పోలీసులు ఇంకా వస్తున్నారు కాబోలనుకున్నాం. మోకాళ్ల మీద కూలబడి రెండు పిడికిళ్లతో రోడ్డును దబదబ గుద్దాడు. ఆ అదురు అందరికీ తగిలింది. డప్పులు కాబోలని సుష్మిత తల ఊపుతూ తాళం వేసింది. పద్దెనిమిదేళ్లు కథలు నమ్మించిన మనిషి, ఒక్క నిజం నమ్మించలేకపోయాడు.

గంజి భానుమూర్తికి మూరెడు దూరంలోకి వచ్చింది. లింగస్వామి ఒకసారి తన కుడి పిడికిలి వైపు చూసుకోవడం నేను చూశాను. తరువాత దాన్ని విప్పాడు. పది వేళ్లూ విప్పి, లేవండి లేవండి అన్నాడు.

మావాళ్లు లేవలేదు. వేళ్లు విప్పడం చూశారు కదా, పాతిక మందీ చేతులు పైకెత్తి నవ్వారు, ఓడిపోయాడని. భానుమూర్తి అయితే కూర్చున్నచోటే జేబు తట్టుకుని, కుర్చీ నాది అని సైగ చేస్తుండగా గంజి అతని కిందికి చేరింది. అంత పెద్దమనిషి అంత ఎత్తు ఎగరగలడని నాకు తెలియదు. రోడ్డు మీద పారి వచ్చేసరికి కాస్త చల్లారింది కనుక మడమలు ఎర్రబడటంతో సరిపోయింది. సుష్మిత చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. అండాలమ్మ పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి, నోటి మీద కొంగు పెట్టుకుని, అందరికీ ముందు మాకే అన్నం పెట్టించింది. భానుమూర్తి నిలబడే తిన్నాడు.

"ఇస్త్రీవాడి దాకా పోయే పని తప్పింది," అంది సుష్మిత.

తింటూనే తగవు మొదలైంది. వేళ్లు విప్పింది కథలోనా, కథ బయటా? మనుషుల్ని కాపాడటానికి విప్పాడు, కథ కోసం కాదు కనుక లెక్కలోకి రాదంది సుష్మిత. సగం మంది అటే. భానుమూర్తి తడిసిన ప్యాంటును గిల్లి ఒంటి నుంచి ఎడం చేసుకుంటూ, తనూ అదే తీర్పన్నాడు. "నా కోసం విప్పావు. దానికి కుర్చీ పుచ్చుకుంటే నన్ను మనిషంటారా?"

ఒప్పుకోనిది లింగస్వామి ఒక్కడే.

"విప్పిన. ఓడిన. కుర్చీ నీది."

"అది కాదయ్యా..."

"నీ దయ మీద కూసుంటే, రేపు నా కథ ఎవలు సూస్తరు? నీ దయనే సూస్తరు."

మిగతా కథైనా చెప్పమన్నాం. ఓడినవాడికి మిగతా కథ చెప్పే హక్కు లేదన్నాడు. అది ఆటలో ఉన్న నియమమో, అప్పటికప్పుడు పెట్టుకున్నదో ఎవరికీ తెలియదు.

రెండు ఆదివారాలు ఆ ఇనప కుర్చీ ఖాళీగా ఉంది. "మీరు కూసోకుంటే చెప్పుండ్రి, నేను బియ్యం బస్తా పెట్టుకుంట," అన్నాడు హోటలు యజమాని యాదగిరి నాతో. మూడో వారం భానుమూర్తి కూర్చున్నాడు. చెప్పడానికి అతని దగ్గర ఉన్నది గంజి కథే. అదే చెప్పాడు. ఎంత అధ్వాన్నంగా చెప్పాడంటే, గంజి వచ్చిందని మొదటే చెప్పేసి, ఎంత గంజి, ఏ రంగు గంజి అని ఆఫీసు నోటు రాసినట్టు వివరించాడు. వెనకవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. లింగస్వామి మాత్రం మర్యాదగా చివరిదాకా చూసి, చేతులు ఎత్తి ఆడించి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తరువాతి వారం రాలేదు.

కిష్టమ్మ ప్రెస్సు దాకా వచ్చింది. "సార్, ఐతారం గూడ ఇంట్లనే గోడ దిక్కు సూస్కుంట కూసుంటుండు. ఇప్పుడు ఏడు దినాలూ మూగోడే అయిండు. జర గా జేబు సారుకు చెప్పుండ్రి, కుర్చీ వాపస్ ఇచ్చెయ్యమని. నాకు గా ఎనిమిది సైగల కన్న ఎక్కువ రాకపాయె." చివరి మాట అంటూ ముఖం పక్కకు తిప్పుకుంది.

చెబుతానన్నాను. నాకు మనుషుల మధ్య రాయబారాలు చేతకావు. రేపు, ఎల్లుండి అంటూ పది రోజులు గడిపి, చివరికి ముందు లింగస్వామిని చూసి వద్దామని షాపుకు వెళ్లాను. అక్కడ భానుమూర్తి స్టూలు మీద ఉన్నాడు. ఒళ్లో ప్యాంటు, నడుము వదులు చేయించే మిషతో వచ్చాడు. లింగస్వామి మిషను ఆపేసి అతణ్ణి చెడామడా వాయిస్తున్నాడు.

"నువ్వు గంజిని సూపెడుతున్నవ్. గంజిల ఏముంది? తెల్లగుంటది, పారుతది. గంజిని సూడనోళ్లని సూపెట్టు."

"ఎలా చూపించాలి?"

"నీ మొఖమే. గప్పుడు ఎంత ఖుషీగున్నవో గది సూపెట్టు. కుర్చీ నాది అనుకుంట."

భానుమూర్తి జేబు తట్టుకుని, ఆ రోజు తను పెట్టిన ముఖం పెట్టాడు. బాగానే వచ్చింది. లింగస్వామి కత్తెర కింద పెట్టి అతని గడ్డం పట్టుకుని రెండంగుళాలు పైకెత్తాడు. ఇంకా బాగా వచ్చింది. నేను వచ్చిన పని చెప్పకుండానే తిరిగి వచ్చేశాను.

ఆ తరువాత భానుమూర్తి ప్యాంట్లన్నీ వరసగా వదులయ్యాయి, మళ్లీ బిగుతయ్యాయి. ఆఫీసు వదలగానే సైదాబాద్ వెళ్లాల్సినవాడు నేరుగా దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చేవాడు. సకల జనుల సమ్మెలో ఆఫీసులు మూతపడ్డ నెలన్నర పొద్దున్నే వచ్చి కూర్చునేవాడు. బయట ఏ ర్యాలీ పోతున్నా లోపల ఈ ఇద్దరి చేతులు ఆగేవి కావు. ఒక కోడిపుంజు మెడ దగ్గరే నాలుగు రోజులు పట్టిందని సుష్మిత చెప్పింది. కిష్టమ్మ మళ్లీ కనపడినప్పుడు ఏమైందని అడిగాను.

"ఏం జెప్పాలె సార్. ఐతారం ఒక్క దినం కోర్టుండె. ఇప్పుడు రోజూ కోర్టే. ఇద్దరు వకీళ్లు, కుట్టేటోడు లేడు. బట్టలిచ్చినోళ్లు నన్ను తిడుతుండ్రు."

ఆదివారాలు లింగస్వామి మళ్లీ రావడం మొదలుపెట్టాడు. కూర్చునేది మాత్రం వెనక వరసలో. భానుమూర్తి తప్పు చేసినప్పుడల్లా చొక్కా గుండీ ఒకటి తిప్పేవాడు. మొదట్లో ఒక్కో కథకు గుండీలన్నీ తిరిగేవి. ఏడాది తిరిగేసరికి ఒకటో రెండో. పిడికిలి కథ గురించి నేను ఎన్నిసార్లు అడిగినా నా పేరు నాకే చూపించేవాడు, పో, పోయి పేజీ తిప్పుకో అన్నట్టు.

రాష్ట్రం వచ్చిన ఏడాది చిట్యాలలో అతనికి బడిపిల్లల యూనిఫాంల పని కుదిరింది. కిష్టమ్మ ముందే వెళ్లి ఇల్లు చూసుకుంది. వెళ్లే రోజు ఆదివారమే. సాయంత్రం సంచీ భుజాన వేసుకుని హోటల్‌కి వచ్చాడు. అప్పటికే భానుమూర్తి కుర్చీలో ఉన్నాడు, గంజి కథలో. కొత్తగా చేరిన పిల్లలు అడిగితే మళ్లీ మొదలుపెట్టాడట. లింగస్వామి నా పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చెవిటివాళ్ల వీడ్కోలు చిన్న సంగతి కాదు. ఒకరు వెళతానంటే అందరూ లేస్తారు, ఒక్కొక్కరితో మొదటి నుంచీ అన్నీ మాట్లాడుకోవాలి. యాదగిరి షట్టరు దించితే వీధిదీపం కిందికి మారతారు. వచ్చే వారం కలిసేవాళ్లకే గంట పడుతుంది. ఊరు విడిచి వెళ్లేవాడికి ఎంత పడుతుందో నేను లెక్క వేసుకుంటున్నాను. భానుమూర్తి చేతుల్లో గంజి అప్పుడే గంగాళం అంచు దాటింది. అతను గంజిని చూపించడం లేదు. గడ్డం రెండంగుళాలు పైకెత్తి, ఎంతో సంతోషంగా జేబు తట్టుకుంటున్నాడు. ముప్పై మంది కళ్లు అతని మీదే ఉన్నాయి, ఒక్కరూ రెప్ప వేయడం లేదు. ఆ కళ్లలో ఒక జత ఇటు తిరిగినా కథ తెగిపోతుంది.

నేను లింగస్వామి చొక్కా వైపు చూశాను. గుండీలన్నీ సరిగ్గా ఉన్నాయి.

అతను సంచీ సర్దుకున్నాడు. నేను చెయ్యి ఎత్తబోయాను. అతను తల అడ్డంగా ఊపి, గడ్డంతో కుర్చీ వైపు చూపించాడు, అటు చూడు అని. చెప్పినట్టే అటు చూశాను. గంజి చేరింది, భానుమూర్తి కుర్చీలోంచి ఎగిరాడు, ముప్పై జతల చేతులు పైకి లేచాయి. అవి దిగేసరికి నా పక్కన గోడే ఉంది.